సార్ గొంతును నమ్మొద్దు

ఆ రోజు ఉదయం సార్జెంటు వేసుకున్న పథకం చాలా మామూలుది. బూట్లకు పాలిష్ పెట్టాలి, మీసం దువ్వుకోవాలి, మొదటి గంటకు ముందే బడికి చేరాలి, తనిఖీ అధికారికి కవాతు చూపించాలి, ఉద్యోగం నిలబెట్టుకోవాలి. మొదటి రెండు పనులూ ఇంట్లోనే దిగ్విజయంగా పూర్తయ్యాయి.

"ఇవాళ మాత్రం అరవకండి," అంది భార్య, టిఫిన్ బాక్సు మూత బిగిస్తూ.

"నేనెప్పుడు అరిచాను?" అని అరిచాడు సార్జెంటు.

పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్న చప్పుడు వినిపించింది. భార్య అటువైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది.

పాతికేళ్ళు సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి ఆయన. ఇంటికొచ్చిన కొత్తలో ఏం చెయ్యాలో తోచక తువ్వాళ్ళన్నీ మూలకు మూల కలిసేలా మడతపెట్టాడు. గుమ్మం ముందు చెప్పుల్ని వరసలో నిలబెట్టాడు. అవి అయిపోయాక భార్య వంటింట్లో ఉంటే తలుపు దగ్గర నిటారుగా నిలుచునేవాడు, ఏదైనా పని చెబుతుందేమోనని. "మీరలా చూస్తుంటే ఉప్పు వేశానో లేదో గుర్తుండట్లేదు నాకు. దండం పెడతాను, ఎటైనా వెళ్ళిరండి," అని ఆమె బతిమాలేది. ఆయన బయటికి వెళ్ళి వీధి చివరిదాకా నడిచి, అక్కడ వెనక్కి తిరగమని చెప్పేవాళ్ళు లేక కాసేపు నిలబడిపోయేవాడు. ఒళ్ళు ఇంటికి చేరింది కానీ, లోపలి మనిషి ఇంకా ఏదో మైదానంలో, ఎవరో ఇవ్వాల్సిన ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాడు.

ఉన్నత పాఠశాలలో క్యాడెట్ దళానికి శిక్షకుడు కావాలన్న సంగతి విని ఆయన్ని తోలినంత పని చేసింది భార్యే. ఉద్యోగం తాత్కాలికం. తనిఖీ అధికారి వచ్చి చూసి, సరేనంటే దళమూ ఉంటుంది, శిక్షకుడూ ఉంటాడు. లేదంటే మళ్ళీ తువ్వాళ్ళే. ఆ తనిఖీ ఇవాళే.

బడిలో ఆయనకు ఎదురైన శత్రువులు ఇద్దరు. మొదటిది ఒక ప్రశ్న. సైన్యంలో ఆయన నోటి నుంచి మాట వెలువడితే బూట్లు కదిలేవి. ఇక్కడ నోళ్ళు కదిలాయి. ముఖ్యంగా కళ్ళజోడు పెట్టుకున్న ఓ సన్నటి అమ్మాయిది. "ఎడమ కాలే ముందు ఎందుకు వెయ్యాలి సార్?" "చెయ్యి భుజం దాకానే ఎందుకు ఊపాలి సార్?" తరగతిలో అందరూ ఆ పిల్లను ఎందుకమ్మ అని పిలిచేవారు. ఆమె అడిగినవాటికి జవాబు తనకు తెలియదన్న సంగతి సార్జెంటుకు పాతికేళ్ళ తర్వాత మొదటిసారి తెలిసింది. అది బూటులో దూరిన రాయిలా రోజంతా గుచ్చుకునేది. రాయి ఎక్కడుందో వెతికే తీరిక లేక, దళంలో ఆ ప్రశ్ననే నిషేధించాడు. "ఆజ్ఞ అంటే ఆజ్ఞ. ఎందుకని అడగకూడదు." కొన్నాళ్ళకు పిల్లలు నిజంగానే మానేశారు. ఎందుకమ్మ మాత్రం నోరు తెరిచి, గాలి పీల్చి, మూసుకునేది. దాన్ని ఆయన తన విజయంగా లెక్కవేసుకున్నాడు.

రెండో శత్రువు నాటకాల బృందంలోని ఒక పిల్లవాడు. వాడు సార్జెంటు గొంతును ఆయనకన్నా బాగా పలికేవాడు. పోయిన వారం గోడ చాటు నుంచి "డిస్మిస్!" అని అరిస్తే దళం మొత్తం కవాతు మధ్యలో క్యాంటీనుకు వెళ్ళిపోయింది. మొన్న అదే గొంతుతో స్టోరు రూము బయట నిలబడి "ఆ డ్రమ్ము బయట పెట్టండి" అంటే, లోపలున్న పిల్లలు తలుపు సందులోంచి భక్తిగా అందించారు. ఆ డ్రమ్ము ఇప్పుడు ఏదో నాటకంలో ఉరుముల పాత్ర పోషిస్తోంది.

అందుకే ఈ ఉదయం సార్జెంటు ప్రతి వస్తువుకూ ఒక కాపలా పెట్టాడు. మైదానంలో అప్పుడే గీసిన సున్నపు గీతలు ఇంకా తడిగా ఉన్నాయి. పిల్లలూ మాస్టార్లూ లోపలికి వచ్చేశాక, గేటు దగ్గర దళంలోని ఇద్దరు కవలల్ని నిలబెట్టాడు.

"గీతలు తొక్కారంటే కవాతు సర్వనాశనం. నేను స్వయంగా మీ ముందుకొచ్చి చెప్పేదాకా బయటి నుంచి ఒక్క కాలు లోపల పడకూడదు."

"ఎవరిదైనా సరేనా సార్?" అన్నాడు పెద్ద కవల.

"ఎవరిదైనా సరే. నా గొంతు విన్నా నమ్మొద్దు. ముఖం చూడండి."

స్టోరు రూముకు నిదానం అనే కుర్రవాణ్ణి పెట్టాడు. ఏ పనీ తొందరపడి చెయ్యడు కనుక వాడికా పేరు వచ్చింది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు కనుక సార్జెంటుకు వాడంటే ఇష్టం. "ఆఫీసు నుంచి తాళం తెచ్చుకో. మొదటి గంట కొట్టగానే తలుపు మూసి తాళం వెయ్యి. నా ముఖం చూస్తే తప్ప తెరవకు. గొంతు విన్నావో..."

"నమ్మకూడదు సార్," అన్నాడు నిదానం.

ఇక మిగిలింది ఎందుకమ్మ. అధికారి ముందు ఆమె నోరు తెరిస్తే ఏమవుతుందో సార్జెంటు ఊహించదలచుకోలేదు. ఆమెను స్టోరు రూము వెనక, ప్రహరీ గోడకూ దానికీ మధ్య ఉన్న ఇరుకు సందులోకి తీసుకెళ్ళి సున్నం బకెట్టు చూపించాడు. "దీనికి కాపలా. అధికారి వెళ్ళేదాకా కదలొద్దు. నోరు తెరవొద్దు."

బకెట్టులో సున్నం అయిపోయింది. ఎందుకమ్మ ఖాళీ బకెట్టును చూసింది, ఆయన్ని చూసింది, గాలి పీల్చింది, నోరు మూసుకుంది.

అంతా సిద్ధం. ఒక్క విజిల్ తప్ప. అది స్టోరు రూములో ఉంది. నిదానం తాళం కోసం ఆఫీసుకు వెళ్ళి, తన పద్ధతిలోనే వస్తున్నాడు. సార్జెంటు లోపలికెళ్ళి, ఒక మూల టోపీల అట్టపెట్టెల వెనక వంగి విజిల్ వెతుకుతున్నాడు. గంట కొట్టింది. తలుపు మూసుకుంది. తాళం పడింది.

"ఒరేయ్! తలుపు తియ్!"

బయటి నుంచి నిదానం గొంతు ప్రశాంతంగా వినిపించింది. "నువ్వా? ఈసారి దేనికొచ్చావు, కంచు తాళాలకా?"

"నేన్రా, సార్జెంట్ని!"

"తెలుసు తెలుసు. చాలా బాగా చేస్తున్నావు. మొన్నటి కన్నా మెరుగయింది."

"ఒరేయ్, నా విజిల్ కోసం లోపలికొచ్చాన్రా!"

"నిజం చెప్పనా? సార్ కన్నా నీ గొంతే బాగుంది. సార్ది కొంచెం బొంగురు." తలుపు మీద మెల్లగా తట్టాడు నిదానం. "లోపలే ఉండు. సార్‌ని పిలుచుకొస్తాను."

అలా నిదానం, తాళంచెవి జేబులో వేసుకుని, సార్జెంటు కోసం వెతుకుతూ బయలుదేరాడు. దొంగను పట్టుకున్న సంగతి సార్‌కు చెబితే ఎంత సంతోషిస్తారో అనుకుంటూ మైదానమంతా, మెట్లన్నీ, ప్రతి గదీ వెతికాడు. సార్ ఎక్కడా కనిపించలేదు. చివరికి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి సెల్యూట్ కొట్టాడు.

"మేడమ్, స్టోర్ రూమ్‌లో దొంగ ఉన్నాడు. సార్ మాత్రం ఎక్కడా లేరు."

ప్రిన్సిపాల్ మేడమ్‌కు దొంగ సంగతి చెవికెక్కలేదు. "లేరా? ఇవాళ లేకపోవడమేంటి? అధికారి వచ్చేస్తున్నారు! భయపడి వెళ్ళిపోయాడా ఏంటి మనిషి?"

"సార్ భయపడరు మేడమ్," అన్నాడు నిదానం. "మమ్మల్ని భయపెడతారు."

అధికారి అప్పటికే గేటు ముందు ఉన్నాడు. అట్టపెట్టెల మీదికెక్కి, వెనక గోడకున్న వెంటిలేటరు ఊచల్లోంచి ప్రహరీ మీదుగా గేటు వైపు తొంగిచూస్తున్న సార్జెంటుకు ముందు నల్ల గొడుగు కనిపించింది. తర్వాత దాని కింద ఒక చిన్న ముసలాయన. సార్జెంటు ఊహించుకున్న అధికారికి ఆరడుగుల ఎత్తూ, పతకాలూ ఉండేవి. ఈయనకు గొడుగు మాత్రమే ఉంది. కవలలు ఆయన దారికి అడ్డంగా నిలబడ్డారు.

"నేను తనిఖీకి వచ్చాను బాబూ."

"రావచ్చు సార్. లోపలికి మాత్రం రాకూడదు."

ప్రిన్సిపాల్ మేడమ్ స్వాగతం పలకడానికి పరుగున వచ్చి, గేటు దాటి, నమస్కారం పెట్టి, "రండి సార్ రండి" అంటూ వెనక్కి తిరిగేసరికి కవలలు ఆమెకూ అడ్డుపడ్డారు.

"ఏంటిది? నేను ప్రిన్సిపాల్‌ని!"

"తెలుసు మేడమ్. కానీ ఇప్పుడు బయటున్నారు."

"ఇప్పుడేగా లోపల్నించి వచ్చాను!"

"వెళ్ళడం గురించి సార్ ఏం చెప్పలేదు మేడమ్. రావడం గురించే చెప్పారు."

ఆమెను విడిపించడానికి లెక్కల మాస్టారు వచ్చాడు. నచ్చజెప్పడానికి కాస్త దగ్గరగా జరుగుతూ జరుగుతూ గేటు దాటాడు. ఆయన్ని వెనక్కి లాగడానికి గుమాస్తా వచ్చాడు. ఆటల మాస్టారు గట్టిగా గదమాయించాలని వచ్చి, గదమాయించాలంటే ఎదురుగా నిలబడాలి కనుక, బయటికి వెళ్ళి నిలబడ్డాడు. కాసేపటికి బడిలో పెద్దవాళ్ళంతా వీధిలో, ఒకే గొడుగు నీడకు ఒదిగి ఉన్నారు. పిల్లలంతా లోపల హాయిగా ఉన్నారు.

వెంటిలేటరు వెనక సార్జెంటు ఇక ఆగలేకపోయాడు. భార్య చెప్పిన మాట గాలికి వదిలేసి గొంతు చించుకున్నాడు. "వదలండ్రా! ఆయన్ని లోపలికి పంపండి!"

గేటు దగ్గర తలలన్నీ ఇటు తిరిగాయి, కవలలవి తప్ప.

"అది సార్జెంట్ గొంతు కదూ?" అంది ప్రిన్సిపాల్.

"కాదు మేడమ్. డ్రామా వాడు," అన్నాడు చిన్న కవల.

"మీరు నన్నెందుకు ఆపారు బాబూ?" అని అధికారి మెల్లగా అడిగాడు.

"ఆజ్ఞ సార్."

"అలాంటి ఆజ్ఞ ఎందుకిచ్చారు?"

కవలలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మా దళంలో ఎందుకని అడగకూడదు సార్," అన్నాడు పెద్ద కవల గర్వంగా.

అధికారి తల పంకించాడు. ఆ పంకించడం సార్జెంటుకు అర్థమైంది. అరిచి అరిచి గొంతు పోయింది. ఇప్పుడు గాలి మాత్రమే వస్తోంది. కళ్ళముందు తువ్వాళ్ళు కనిపించాయి, మూలకు మూల కలిపి, వరసగా. విచిత్రం ఏమిటంటే ఆయనకు పిల్లల మీద కోపం రాలేదు. వాళ్ళు ఒక్క తప్పూ చెయ్యలేదు. చెప్పింది చెప్పినట్టు చేశారు. తాను పాతికేళ్ళు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నారు. అలా ఉండటం బయటి నుంచి ఎలా కనిపిస్తుందో ఇప్పుడే, ఊచల్లోంచి, మొదటిసారి చూశాడు.

కింద ఏదో కదిలింది. బకెట్టు పక్కన ఎందుకమ్మ తల పైకెత్తి చూస్తోంది.

"అమ్మాయ్," అని గుసగుసలాడాడు. "నన్ను గుర్తుపట్టావా?"

ఆమె తల ఊపింది.

"నిదానం దగ్గర తాళంచెవి ఉంది. తీసుకురా. పరిగెత్తు."

ఆమె కదల్లేదు. నోరు తెరిచి, గాలి పీల్చి, మూసుకుంది. కళ్ళజోడు వెనక కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. ఆమెకు తాను ఏం ఆజ్ఞ ఇచ్చాడో సార్జెంటుకు గుర్తొచ్చింది.

"అడగమ్మా," అన్నాడు, ఊచలు రెండు చేతులా పట్టుకుని. "నీకు పుణ్యముంటుంది. అడుగు."

"నిజంగానా సార్?"

"నిజంగా."

"ఎందుకు సార్?" అంది ఎందుకమ్మ. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు; ఇన్నాళ్ళవీ కలిసి వచ్చాయి. "మీరు లోపలెందుకున్నారు? ఖాళీ బకెట్‌కి కాపలా ఎందుకు? గీతలు ఆరిపోయినా గేటెందుకు తియ్యరు? అసలు ఎందుకని ఎందుకు అడగకూడదు?"

మొదటి మూడింటికీ సార్జెంటు దగ్గర జవాబులున్నాయి. నాలుగోది దగ్గర ఆగిపోయాడు. గొంతు ఉండి ఉంటే గద్దించి తప్పించుకునేవాడేమో. గుసగుసతో గద్దించడం ఎవరివల్లా కాదు.

"నాకు జవాబు తెలీదు కనక," అన్నాడు.

"దేనికి?"

"నువ్వు అడిగిన వాటిల్లో చాలా వాటికి. నన్నెవరూ అడగనివ్వలేదు. నేనూ అడగలేదు. ఎవరో ఒకరు పొద్దున్నే ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు, చేసేవాణ్ణి. అదే బాగుండేది. ఇక్కడికొచ్చాక నువ్వు అడుగుతుంటే, సార్‌కి ఏమీ తెలీదని అందరికీ తెలిసిపోతుందేమోనని భయం వేసింది. అందుకని నోరు మూయించాను."

ఎందుకమ్మ ఆలోచించింది. "ఎడమ కాలు సంగతి కూడా తెలీదా సార్?"

"తెలీదమ్మా."

"నాకూ తెలీదు సార్. కలిసి కనుక్కుందామా?"

సార్జెంటు జవాబు చెప్పబోయి, ప్రహరీ గోడకు అవతలివైపు చూసి బిగుసుకుపోయాడు. గోడ మీదుగా నల్ల గొడుగు కనిపిస్తోంది. ఎండకు తాళలేక నీడ వెతుక్కుంటూ వచ్చిన అధికారి అక్కడ ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు.

"మీ సంభాషణకి అడ్డు రాను," అన్నాడు అధికారి. "కానీ ఆ తాళంచెవి త్వరగా తెప్పిస్తే మంచిది. ప్రిన్సిపాల్ గారు ఎండలో ఉన్నారు."

ఎందుకమ్మ పరిగెత్తి నిదానాన్ని లాక్కొచ్చింది. నిదానం వెంటిలేటరు కింద నిలబడి, తల వంచి, ఇటు నుంచీ అటు నుంచీ పరిశీలించాడు.

"ముఖం సార్‌దే," అన్నాడు. "కానీ డ్రామా వాడికి కూడా మీసం ఉంది. అంటించుకునేది."

"ఒరేయ్," అన్నాడు సార్జెంటు నీరసంగా.

"లాగి చూపించండి సార్."

తనిఖీ అధికారి గొడుగు కాస్త పైకెత్తి చూస్తుండగా, పొద్దున శ్రద్ధగా దువ్వుకున్న మీసాన్ని సార్జెంటు రెండు వైపులా పట్టుకుని లాగి చూపించాడు. రాలేదు.

"ఇంకొంచెం గట్టిగా," అన్నాడు నిదానం.

కళ్ళలో నీళ్ళు తిరిగాక తలుపు తెరుచుకుంది. సార్జెంటు స్టోరు రూము నుంచి గేటు దాకా అడ్డదారిన ఒకటే పరుగు. కవలలు ఆయన ముఖం చూశారు, సెల్యూట్ కొట్టారు, గేటు బార్లా తెరిచారు. పెద్దవాళ్ళంతా లోపలికి వచ్చి మైదానం చూశారు. గీతలు ఎక్కువచోట్ల ఆరాయి. ఆరనిచోట్ల, నీట్‌గా పాలిష్ పెట్టిన ఒక జత బూట్ల గుర్తులున్నాయి. స్టోరు రూము దగ్గర మొదలై, అన్ని గీతల మీదుగా, గేటు దగ్గర ఆగాయి.

కవాతు జరగాలి. సార్జెంటు దళం ముందు నిలబడి నోరు తెరిస్తే గాలి వచ్చింది. దళం ఆయన వంక చూసింది. ఆయన ఎందుకమ్మ వంక చూశాడు. ఆమె ఎటో పరిగెత్తి, నాటకాల పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"సార్, డ్రమ్ము రేపే ఇచ్చేస్తాను సార్..."

"నా వెనకే నిలబడు," అని గుసగుసలాడాడు సార్జెంటు. "నేను పెదాలు కదుపుతాను. నువ్వు అరువు."

వాడి ముఖం వెలిగిపోయింది. "అటెన్షన్!" అన్న కేక లేచింది. పక్క వీధిలో కూడా ఎవరో నిటారుగా నిలబడి ఉంటారు. దళం మాత్రం ఒక క్షణం తటపటాయించింది. గొంతును నమ్మకూడదు. తర్వాత ముఖం చూసింది. రెండూ ఒకచోటే ఉన్నాయని తేల్చుకున్నాక, బూట్లన్నీ ఒక్కసారిగా కలిశాయి. ఆ పిల్లవాడి కన్నా ఆ దళం సార్జెంటుకు ఆ క్షణంలో ముద్దొచ్చింది. వాళ్ళు ఆగి, ఆలోచించి, కదిలారు. ఆ ఒక్క తటపటాయింపు చూస్తే, నిన్నటిదాకా అయితే, ఆయన మైదానం చుట్టూ పరుగులు పెట్టించి ఉండేవాడు.

కవాతు అయ్యాక అధికారి ప్రిన్సిపాల్ గదిలో నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాడు. సార్జెంటు గోడకు ఆనకుండా నిలబడ్డాడు.

"గేటు దగ్గర మీ పిల్లల్ని చూసినప్పుడు ఈ దళాన్ని మూసేద్దామనుకున్నాను," అన్నాడు అధికారి. "అలా నిలబడటానికి పిల్లలక్కర్లేదు, గుంజలు పాతినా చాలు. ఆ గోడ దగ్గర మాట మీరు నాతో చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు. ఆ అమ్మాయితో చెప్పారు. ఇంకో ఏడాది నడపండి. తర్వాత మళ్ళీ వచ్చి చూస్తాను. ఒక్క షరతు. వారానికొక క్లాసులో కవాతు ఉండకూడదు. పిల్లలు అడగాలి, మీరు చెప్పాలి. తెలీకపోతే తెలీదని చెప్పాలి."

సార్జెంటు నోటికి పాతికేళ్ళుగా అలవాటైన జవాబు ఒకటే: ఎస్ సార్. అది ఎక్కడ తప్పిపోయిందో, దాని బదులు ఇంకోటి బయటికొచ్చింది.

"ఎందుకు సార్?"

ప్రిన్సిపాల్ మేడమ్ కళ్ళు మూసుకుంది. అధికారి మాత్రం గొడుగు తీసుకుంటూ నవ్వాడు. "క్లాసు అప్పుడే మొదలైందన్నమాట."

సాయంత్రం ఇంటికొచ్చిన సార్జెంటు ముఖం చూడగానే భార్యకు ఉద్యోగం సంగతి తెలిసిపోయింది. గొంతు వినగానే మిగతాది తెలిసింది.

"అరవొద్దని చెప్పానా లేదా? చిలక్కి చెప్పినట్టు చెప్పానే!" అంటూనే ఆమె వేడినీళ్ళలో ఉప్పు కలిపి తెచ్చింది. అవి పుక్కిలిస్తూ ఆయన జరిగిందంతా సైగలతో చెప్పాడు. మీసం దగ్గరికి వచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగాక, వెలుతురున్న కిటికీ వైపు చెయ్యి చూపించింది.

"సరే, బట్టలు ఆరాయి. తీసుకొచ్చి మడతపెట్టండి. తువ్వాళ్ళు మాత్రం మామూలుగా మడవండి, మూలలు కలపక్కర్లేదు."

సార్జెంటు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. కొత్తగా దొరికిన ధైర్యంతో వెనక్కి తిరిగి, ఉన్న కాస్త గొంతుతో, "ఎందుకు?" అన్నాడు.

భార్య ఆయన వైపు చూసింది.

ఆయన వెళ్ళి బట్టలు తీసుకొచ్చాడు. నిషేధం ఎత్తేసింది బడిలో మాత్రమే.